మోటారు పళ్లెము కొనుటకు ముందు

శ్రావణ పూర్ణిమను మనవారు నూలి పున్నమి అందురు. మన పొరుగున ఉండు మరాఠీ సోదరులు నారళీ పౌర్ణిమ అందురు. ఆనాడు షోలాపూరులో మార్కండేయ మహాముని రథము కదలును. రథోత్సవమైనను, గణేశ ఉత్సవమైనను, పెండ్లి ఊరేగింపైనను, డీజే అను మాట వినబడని వీధి మన సాఖర్ పేటలో గాని, భద్రావతి పేటలో గాని, అశోక చౌకు ప్రాంతమున గాని నేడు అరుదు. పాటను పాటతో కలిపి నడుపు ఆ యువకుని చుట్టు మన పిల్లలు గుమిగూడి, కన్నార్పక చూచుచున్నారు. ఇంటికి వచ్చి, "నాయనా, నాకు తిరిగే పళ్లెముల యంత్రము కావలె" నని అడుగుచున్నారు. ఆ తండ్రి మరమగ్గముల నడుమ దినమంతయు నిలుచువాడు. ఆ తల్లి బీడీలు చుట్టునది. వారికి ఆ వస్తువేమో తెలియదు. వద్దనుటకు కారణము తోచదు. సరే యనుటకు ధైర్యము చాలదు. యంత్రముతో వచ్చు వివరణ పుస్తకము ఆంగ్లమున ఉండును. తెలియని వస్తువును గూర్చి తెలిసిన భాషలో నాలుగు మాటలు చెప్పుట మన పత్రికకు విధియని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా అభిప్రాయమును ముందే చెప్పెదము. మోటారు పళ్లెము చేతి విద్యకు పనిముట్టు. ఆ విద్యను శ్రద్ధతో అభ్యసింపదలచిన వారే దానిని కోరవలెను. పాటలను వరుసగా కలిపి వినిపించుటయే కోరిక యైనచో, అది అక్కరలేని వ్యయము. ఇక అప్పుచేసి కొనుట ఎవరికిని తగదు.

ఈ పళ్లెము ఎక్కడినుండి వచ్చినదో మొదట తెలిసికొందము. గ్రామఫోను రికార్డును త్రిప్పు పళ్లెము పూర్వము రబ్బరు పట్టాతోనో, రబ్బరు చక్రముతోనో తిరిగెడిది. మోటారు బలము పట్టా ద్వారా మగ్గమునకు చేరు విధము మన పిల్లలు ఎరిగినదే. పట్టా సాగును, ఒక్కొకప్పుడు జారును. జపాను దేశమున మత్సుషితా సంస్థలో షూయిచి ఒబాటా అను ఇంజనీరు, పట్టా లేకుండ మోటారే నేరుగా పళ్లెమును త్రిప్పు పద్ధతిని సాధించెను. ఆ పద్ధతిపై టెక్నిక్స్ పేరిట 1970లో ఎస్‌పి-10 అను యంత్రమును, 1972లో ఎస్‌ఎల్-1200 అను యంత్రమును వెలువడినవి.

ఇండ్లలో సంగీతము వినుటకై చేసిన యంత్రమును వాద్యముగ మార్చినవారు అమెరికాలో న్యూయార్కు నగరపు బ్రాంక్సు ప్రాంతపు యువకులు. వారిది సంపన్నుల పేట కాదు. 1973 ఆగస్టు 11వ తేదీన కూల్ హెర్క్ అను జమైకా యువకుడు తన చెల్లెలు ఏర్పరచిన విందులో పాటలు వినిపించెను. రెండు పళ్లెములపై ఒకే రికార్డు ప్రతులు రెండు నుంచి, వాద్యములు మాత్రమే మ్రోగు ఘట్టమును మరల మరల పొడిగించు పద్ధతి ఆయన వలన ప్రసిద్ధికెక్కినది. తరువాత కొలది యేండ్లకే గ్రాండ్ విజర్డ్ థియొడోర్ అను బాలుడు తిరుగుచున్న రికార్డును చేతితో ముందుకు వెనుకకు లాగి, ఆ గీరుడు ధ్వనిని తాళమునకు ఇమిడ్చెను. దానినే స్క్రాచ్ అందురు.

పిదప కంప్యూటరు వచ్చినది. పాట రికార్డుపై గాక కంప్యూటరులో ఉండి, చేతి కదలికను మాత్రము పళ్లెము తెలుపు ఏర్పాటు కలిగినది. 2004లో సెరాటో సంస్థ వెలువరించిన స్క్రాచ్ లైవ్ అను సాఫ్టువేరు ఇట్టివానిలో పేరుపొందినది. "కంప్యూటరుతో మనకేమి పొత్తు" అని పెద్దలు సందేహింప నక్కర లేదు. 1804లో ఫ్రాన్సు దేశమున జకార్డు తన మగ్గమును చిల్లుల అట్టలతో నడిపినాడు. ఆ అట్టలే మన షోలాపూరు దుప్పట్లపై నెమళ్లను, పూలను పూయించినవి. కంప్యూటరునకు ఆజ్ఞలిచ్చుటకు తొలిదినములలో వాడిన చిల్లుల అట్టలకు మాతృక మన వృత్తిలోనిదే.

నేడు అంగడిలో దొరకు కంట్రోలరులు రెండు తెగలు. మొదటి తెగలో పళ్లెము తనంతట తిరుగదు. చేయి తాకినప్పుడు ఆ స్పర్శను గుర్తించి, చేయి ఎంత త్రిప్పిన పాట అంత జరుగును. చేయి తీసినచో పాట సాగును గాని పళ్లెము నిలిచియే ఉండును. రెండవ తెగలో మోటారు పళ్లెమును ఎడతెగక త్రిప్పుచుండును. దానిపై జారుడు గుడ్డయు, గుడ్డపై పలుచని రికార్డును ఉండును. పైరికార్డును వ్రేలితో ఆపినను క్రింది పళ్లెము తిరుగుచునే ఉండును. వ్రేలు తీయగనే రికార్డు దానితో కలిసి పరుగెత్తును. పాట ఎచ్చట ఉన్నదో, ఎంత వడిగ పోవుచున్నదో చేతికే తెలియును. పడుగు బిగువును వ్రేళ్లతో పోల్చుకొను నేతగానికి ఈ సుఖము ఏమిటో వివరింప పనిలేదు. ఆ స్పర్శకే అధిక మూల్యము.

ఈ రెండవ తెగలో 2009లో న్యూమార్కు సంస్థ ఎన్‌ఎస్7 అను యంత్రమును తెచ్చినది. 2018లో రేన్ సంస్థ ట్వెల్వ్ అను పళ్లెమును తెచ్చినది. ఇది పూర్తి రికార్డంత, అనగా 12 అంగుళములు గలది గాని, పాటలను కలుపు మిక్సరును వేరుగ సమకూర్చుకొనవలెను. 2020లో వచ్చిన రేన్ వన్‌లో 7.2 అంగుళముల పళ్లెములు రెండును, వాని నడుమ మిక్సరును ఒకే పెట్టెలో ఇమిడి ఉన్నవి. 2022లో పయొనీర్ సంస్థ డిడిజె-రెవ్7ను 7 అంగుళముల పళ్లెములతో వెలువరించినది. అమెరికాలో విడుదల నాటి వెల రేన్ వన్‌కు 1,499 డాలర్లు. మన దేశమున ఇట్టివి లక్ష రూపాయలకు మించినవే. మోటారు లేని డిడిజె-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 వంటి చిన్న పెట్టె అందులో నాలుగవ వంతునకే లభించును.

కొననెంచిన వారు పరీక్షింపవలసిన విషయములు కొన్ని కలవు.

మొదటిది, మోటారు బలము. బలము తక్కువయైనచో వ్రేలి బరువునకే పళ్లెము క్రుంగును. రికార్డు వదలినపుడు వడి అందుకొనుటకు ఆలస్యమగును. రేన్ వన్‌లోను రెవ్7లోను ఈ బలమును ఎక్కువ తక్కువలుగ మార్చుకొను వీలు కలదు. పాత యంత్రమును కొనువారు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. స్వరమును స్థిరముగ నిలుపు కీలాక్ అను మీటను ఆపి, తంబుర శ్రుతిని కొంతసేపు వినిపింపుడు. శ్రుతి వణకినచో మోటారు వడి నిలుకడగ లేదని గ్రహింపవలెను. పాటలో దాగు దోషము శ్రుతిలో దాగదు.

రెండవది, సాఫ్టువేరుతో పొత్తు. ప్రతి యంత్రమును ప్రతి సాఫ్టువేరుతో పనిచేయదు. రేన్ వన్ సెరాటోకై చేసినది. 2018లో వచ్చిన ట్రాక్టర్ ఎస్4 మూడవ రకము, తిరిగెడు చక్రములు గలదియే యైనను, ట్రాక్టర్ సాఫ్టువేరుకై చేసినది. యంత్రముతో సాఫ్టువేరు అనుమతి కలిసి వచ్చునా, లేక వేరుగ రుసుము చెల్లింపవలెనా అని ముందే అడుగవలెను.

మూడవది, ఇంటనున్న కంప్యూటరు. అది బలహీనమైనచో చేయి కదలుటకును ధ్వని వెలువడుటకును నడుమ జాగు కలుగును. ఆ జాగును తగ్గింపబోయిన ధ్వని తునకలగును. లక్ష పెట్టి పళ్లెము కొని, ముసలి కంప్యూటరునకు తగిలించుట జోడెద్దుల బండికి దూడను కట్టుట వంటిది.

నాలుగవది, విద్యుత్తు, బరువు, మరమ్మతు. చిన్న పెట్టె కంప్యూటరు తీగనుండియే విద్యుత్తు గ్రహించును. మోటారు గలది గోడ విద్యుత్తు లేనిదే కదలదు. బరువు సుమారు పది కిలోలు. కదలు భాగములు ఎన్ని యున్న అరుగుడు అంత. మోటారు చెడినచో ఏ యూరికి పంపవలెనో విక్రేతను ముందుగనే ప్రశ్నింపవలెను.

మే మెరిగిన ఒక యింటి సంగతి ఇచట చెప్పక తప్పదు. కుమారుని కోరిక కాదనలేక ఆ తండ్రి వాయిదాలపై మోటారు యంత్రమును కొనియిచ్చెను. ఆ బాలుడు బుద్ధిమంతుడే. కాని వానికి వచ్చిన పిలుపులన్నియు పెండ్లి ఊరేగింపులకు. అచ్చట స్క్రాచ్ వినువారు లేరు. ఒక పాట ముగియకముందే మరియొక పాట అందుకొనిన చాలును. పళ్లెము తిరుగుచుండెను, దానిపై చేయి పెట్టు పని లేకపోయెను. వాయిదా దినము మాత్రము నెల నెలా వచ్చుచుండెను. పదవ తరగతి పిదప చదువు మాని బాలుడు కార్ఖానాకు పోయెను. ఇప్పుడా యంత్రము మూలగదిలో దుప్పటి కప్పుకొని ఉన్నది. దోషము యంత్రమునది కాదు, బాలునిది కాదు. ఏ పనికి ఏ పనిముట్టో చెప్పువారు ఆ యింటికి దొరకలేదు.

కొందరు పెద్దలు ఇంతవరకు చదివి, "ఆ చెవులు పగులగొట్టు పెట్టెలను గూర్చి పత్రికలో వ్రాయుట యేల" అని కోపింపవచ్చును. వారి బాధ న్యాయమైనది. అయితే కంట్రోలరు తానుగ గొంతెత్తదు. గోడలు అదరగొట్టునవి ఆంప్లిఫయరులును, స్పీకరుల గుట్టలును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల హద్దు విధించినవి. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 వరకు బయట ధ్వనివర్ధకములు సాధారణముగ నిషిద్ధములు. 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదనియు, 3 డెసిబెళ్లు హెచ్చిన కొలది ఆ వేళ సగమగుననియు శాస్త్రజ్ఞుల సలహా. ఆ లెక్కన 100 డెసిబెళ్లను పావు గంటకు మించి వినరాదు. మన తండ్రులు మరమగ్గముల రొదలో వినికిడి పోగొట్టుకొనిరి, అది పొట్టకూటికై. పిల్లలు వేడుకకై పోగొట్టుకొనుట తగునా? స్క్రాచ్ విద్యకు సూక్ష్మమైన చెవియే మూలధనము. చెవి చెడిన పిదప ఏ పళ్లెమైనను ఒకటే. అందుచే ఈ విద్య కోరు బాలునికి సన్నని ధ్వనితో ఇంట సాధన చేయుటయే తొలి నియమము కావలెను.

మరి, మోజు గల బాలుడు ఏమి చేయవలెను? మన కులవృత్తిలోనే మార్గ మున్నది. ఏ బాలుడును మొదటి దినముననే మగ్గమెక్కలేదు. కండెలు చుట్టెను, తెగిన పోగులు అతికెను, పెద్దల ప్రక్క నిలిచి చూచెను. చేయి కుదిరిన పిదపనే మగ్గ మతనిదైనది. అటులే మొదట మోటారు లేని చిన్న పెట్టెపై ఒక సంవత్సరము తాళము, లెక్క, పాటల అమరిక నేర్వవలెను. ఆ పెట్టెపైనను స్క్రాచ్ ఓనమాలు దిద్దవచ్చును. సంవత్సరము గడచినను ప్రతిదినము చేయి అటువైపే పోవుచున్నచో, అప్పుడు మోటారు పళ్లెమును కోరుట న్యాయము.

అప్పుడును ఒక్కొక్క యింట ఒక్కొక్కటి కొననక్కర లేదు. వీధి వీధికి గణేశ మండలులు కలవు, పూర్వవిద్యార్థులు కలరు. పది యిండ్లవారు ఒక్క అలంకరణ ఖర్చు తగ్గించుకొని, మంచి యంత్రము నొకదానిని ఉమ్మడిగ కొని, వంతులవారీగ సాధన చేయించినచో, ఏ యింటిపైనను భారము పడదు. ఎవరి చేతిలో విద్య ఉన్నదో ఆరు నెలలలో తేలిపోవును. చదువు మానకుండ వచ్చువారికే వంతు ఇత్తుమని నియమము పెట్టిన మరియు మేలు.

పిల్లలారా, మీ కోరికను మేము చిన్నచూపు చూచుట లేదు. బ్రాంక్సు ప్రాంతపు బాలురు చేతనున్న వస్తువుతో కొత్త విద్యను పుట్టించిరి. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలు ఒక్క వీధిలో వినబడు మన యూరిలో కలుపుటకు పాటలకు కొదువ లేదు. తల్లిదండ్రులారా, బాలుడు మరల అడిగినప్పుడు కసరకుడు. "దానిపై నీ చేయి ఏమి చేయునో చూపుము" అని అడుగుడు. వాడు చూపగలిగిన దినమున ఏ పళ్లెము కొనవలెనో మీ యిరువురికిని తెలియును.