ఇంటి ముచ్చట్లు: ఇద్దరు పిల్లలు, ఒక బండి



ఈ సంచికలో పిల్లల తోపుడుబండి గురించి ముచ్చటించుకుందాం. తోపుడుబండి అనగానే కూరగాయల బండి అనుకునేరు! పసివాళ్ళను పడుకోబెట్టి తోసుకుంటూ తీసుకెళ్ళే బండి సుమండీ. మన తరంవాళ్ళు ప్రామ్ అంటాం, ఇప్పటివాళ్ళు స్ట్రోలర్ అంటున్నారు. అందులోనూ ఇద్దరు పిల్లలు పట్టే జంట బండి.

"మనకెందుకమ్మా ఆ దొరసాని వేషాలు? ఒకర్ని చంకన, ఒకర్ని భుజాన వేసుకుని మనం పెంచలేదా?" అని మీలో కొందరు అనుకుంటూనే ఉంటారు. నేనూ అలాగే అనేదాన్ని, మా అమ్మాయికి కవలలు పుట్టేదాకా.

పురుడు చెన్నైలో మా ఇంట్లోనే పోశాం. పిల్లలిద్దరూ అయిదు వారాలు ముందే పుట్టారు. అయిదో నెలలో తల్లినీ పిల్లల్నీ బెంగళూరులో దిగబెట్టి, సాయంగా నేనూ అక్కడే ఉండిపోయాను. అల్లుడుగారు ఎనిమిదింటికల్లా ఆఫీసుకు బయల్దేరతారు. మూడో అంతస్తులో ఇల్లు. ఒకర్ని నేనూ ఒకర్ని అమ్మాయీ ఎత్తుకుంటే రోజు గడిచిపోయేది. కానీ ఒక మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి, "అమ్మా, నేను కిందికి దిగి ఎన్నాళ్ళయిందో తెలుసా? పద్దెనిమిది రోజులు. నువ్వు కూడా వెళ్ళిపోతే ఇక నేను వీధి మొహం చూసేదెప్పుడు?" అంది.

బాలింతరాలు ఇంట్లో ఉంటే తప్పేముందని ఎప్పుడూ అనుకునే నాకు ఆ గొంతు విని గుండె కలుక్కుమంది. ప్రసవం తర్వాత కమ్ముకునే దిగులు కవలల తల్లుల్లో మరింత ఎక్కువగా కనిపిస్తుందని డాక్టర్లు చెబుతారు. ఆ దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించవలసిందే, బండి కొన్నంత మాత్రాన పోదు. కానీ రోజూ కాస్త వెలుతురు, నాలుగు అడుగుల నడక, నలుగురి పలకరింపు ఉండాలంటే ఇద్దరు పిల్లలతో ఒంటరిగా గడప దాటే దారి ఉండాలి కదా! బండి పిల్లల కోసం ఎంతో తల్లి కోసం కూడా అంత అని నాకప్పుడు తెలిసింది.

మర్నాడే దుకాణానికి వెళ్ళి, నా సొంత డబ్బుతో, ఇద్దరూ పక్కపక్కన పడుకునే అందమైన బండి కొనుక్కొచ్చాను. వీధి గుమ్మంలోంచి బాగానే పట్టింది. తీరా లిఫ్టు దగ్గరికి వెళితే లోపలికి పోనంది! బండి వెడల్పు 76 సెంటీమీటర్లు. లిఫ్టు తలుపు 70. నాలుగు వేళ్ళ వెడల్పయినా లేని తేడాతో నా సంబరమంతా నీరుగారిపోయింది. మడిస్తే పడుతుంది, కానీ మడిచినప్పుడు ఇద్దరు పిల్లల్ని ఎక్కడ పెడతారు? పెట్టె విప్పాం కాబట్టి వాపసు తీసుకోమన్నారు దుకాణంవారు. రెండు వారాలపాటు ఆ బండి మీద లంగోటాలు ఆరేసుకున్నాం. చివరికి కింది అంతస్తులో అద్దెకున్నవాళ్ళు కొంత తగ్గించి ఇస్తే తీసుకున్నారు.

అల్లుడుగారు నవ్వి, "అత్తయ్యగారూ, ఈసారి మనం బండి చూడటానికి కాదు, ముందు ఇల్లు కొలవడానికి బయల్దేరదాం" అని టేపు తెచ్చారు. ఆ రోజు మేం నేర్చుకున్నది మీకూ చెబుతాను.

ముందు కొలవవలసినవి నాలుగు: వీధి గుమ్మం, లిఫ్టు తలుపు, లిఫ్టు లోపలి పొడవు, కారు డిక్కీ. అద్దె కార్లలో గ్యాసు సిలిండరు డిక్కీలో సగం ఆక్రమించి ఉంటుందని మరచిపోకండి. లిఫ్టు లేని ఇల్లయితే మెట్ల కింద బండి పెట్టుకునే చోటుందో లేదో చూసుకోండి. ఆ కాగితం చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్ళండి.

జంట బండ్లు ముఖ్యంగా రెండు రకాలు. పక్కపక్క సీట్లవి సుమారు 75 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పుంటాయి. ఇద్దరికీ వీధి కనిపిస్తుంది, సీట్లు రెండూ ఒకేలా వెనక్కి వాలుతాయి, కవలలకు హాయి. కానీ ఇరుకు గుమ్మాల దగ్గర చిక్కు. ఒకరి వెనుక ఒకరు కూర్చునేవి 60, 65 సెంటీమీటర్లే ఉంటాయి. గుమ్మాల్లో సులువుగా పడతాయి గానీ పొడవెక్కువ. మలుపు తిప్పడం కష్టం, చపటా మీదికి ఎక్కించాలంటే బలం కావాలి. కొన్నింటిలో వెనక సీటు ఇరుకు, పూర్తిగా వాలదు కూడా. మేము రెండో రకమే తీసుకున్నాం, రెండు సీట్లూ పూర్తిగా వాలేది చూసుకుని మరీ.

ఈ వాలడం చిన్న విషయం కాదు. మెడ నిలిపి, ఆసరా లేకుండా కూర్చోగలిగేదాకా, అంటే దాదాపు ఆరు నెలల వరకు, పసివాణ్ణి చదునుగా పడుకోబెట్టాలి. ఏటవాలుగా కూర్చోబెడితే తల ముందుకు వాలి ఊపిరి ఇబ్బంది పడవచ్చు. కవలలు తరచు నెలలు నిండకముందే పుడతారు. అలాంటివాళ్ళకు పుట్టిన రోజు నుంచి కాక, డాక్టరు ఇచ్చిన కానుపు తేదీ నుంచి నెలలు లెక్కపెట్టుకోవాలి. మా వాళ్ళకు కాగితం మీద అయిదు నెలలు, లెక్కకు నాలుగు కూడా నిండలేదు.

తర్వాత చూడవలసినవి పట్టీలు, బ్రేకు, చక్రాలు. పట్టీలు రెండు భుజాల మీంచి, నడుముకు రెండు పక్కలా, కాళ్ళ మధ్య నుంచి, అలా అయిదు చోట్ల పట్టి ఉంచాలి. బ్రేకు కాలితో ఒక్కసారి నొక్కితే రెండు వెనక చక్రాలూ ఆగాలి. మన వీధుల్లో చెట్టు వేర్లు లేపిన రాళ్ళు, కాలువ మీద కదిలే పలకలు మామూలే కాబట్టి చిన్న ప్లాస్టిక్ చక్రాలు పనికిరావు. పెద్ద చక్రాలు, కింద స్ప్రింగులు ఉన్నవే నయం. పెట్టె మీద ఐరోపా ప్రమాణం "ఇ.ఎన్. 1888" అన్న గుర్తుంటే మంచిది.

బరువు మాట. జంట బండి ఖాళీగానే 10 నుంచి 15 కిలోలుంటుంది. ఆరేసి కిలోల పిల్లలిద్దరు ఎక్కితే 22 నుంచి 27 కిలోలవుతుంది. ఒక్కసారి దుకాణంలోనే మడిచి, ఎత్తి చూడండి. బండ్లు ఇంతగా మడవడానికి వీలు కల్పించినవారిలో ముఖ్యుడు ఓవెన్ మెక్లారెన్ అనే ఇంగ్లండు ఇంజనీరు. యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ విమానాల చక్రాల అమరిక మీద పనిచేసిన ఆయన, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బండిని 1965లో రూపొందించారు. విమానం చక్రాలు ముడిచిన చేతులే పిల్లల బండినీ ముడిచాయన్నమాట! ముడిచేటప్పుడు, విప్పేటప్పుడు మాత్రం పిల్లల్ని దూరంగా ఉంచండి. కీళ్ళ మధ్య చిన్న వేళ్ళు నలుగుతాయి.

బరంపురం నుంచి ఒక సోదరి అడిగారు: "మా పెద్దవాడికి రెండున్నరేళ్ళు, నాకిప్పుడు ఏడో నెల. జంట బండి కొనమంటారా?" తొందరపడకమ్మా. మీవాడు ఇంకో ఏడాదిలో బండి ఎక్కనని మొరాయిస్తాడు. చంటిదానికి ఒంటి బండి తీసుకుని, దాని వెనక పెద్దవాడు నిలబడే చక్రాల పలక తగిలించుకుంటే చాలు. అన్ని బండ్లకూ ఆ పలక పట్టదు, అడిగి తీసుకోండి. ఏడాదిన్నర లోపు ఎడం ఉన్నవాళ్ళకే జంట బండి ఖర్చు గిట్టుబాటవుతుంది.

వాడేది రెండు మూడేళ్ళే కనుక పాతది దొరికినా సిగ్గుపడకండి. బ్రేకు, పట్టీలు, కీళ్ళ గొళ్ళేలు స్వయంగా పరీక్షించుకోండి. సంఘంలో ఎవరింట్లోనైనా అటక మీద బండి ఉంటే దించి, తుడిచి, అవసరమైన ఇంటికి పంపండి. పేరంటానికి పసుపూ కుంకుమా ఇచ్చినంత పుణ్యం!

ఇక జాగ్రత్తలు. కూరల సంచి పిడికి తగిలించకండి, బండి వెనక్కి తిరగబడుతుంది. ఎండగా ఉందని దుప్పటి కప్పకండి, గాలాడక లోపల వేడి పెరిగిపోతుంది. దోమతెర చాలు. కాలిబాట లేనిచోట ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడి పక్కన నడవండి. రోడ్డు దాటేటప్పుడు బండి మనకంటే ముందుంటుందని మరచిపోకూడదు. ముందు మీరు తొంగి చూసి, తర్వాతే బండి కదపండి. ఆగిన ప్రతిచోటా బ్రేకు వేయండి.

కొత్త బండి వచ్చిన సాయంత్రం అమ్మాయి, నేను పార్కుకు వెళ్ళాం. ఒక కన్నడ పెద్దావిడ వంగి చూసి, "అవళి జవళి!" అని మురిసిపోయింది. కన్నడంలో కవలల్ని అలా అంటారు. ఎంత ముద్దుగా ఉందో చూడండి. ఇంటికొచ్చి దిష్టి తీశాననుకోండి, అది వేరే సంగతి.

నేను చెన్నై వచ్చేసిన మూడో రోజు అమ్మాయి ఫోను చేసింది. వెనకాల వీధి చప్పుడు. "అమ్మా, నేనొక్కదాన్నే వచ్చాను. కొత్తిమీర కొంటున్నాను" అంది. అటు కూరగాయల తోపుడుబండి, ఇటు పిల్లల తోపుడుబండి, మధ్యలో మా అమ్మాయి! పది రూపాయల కొత్తిమీరకు అంత సంతోషపడిన గొంతు నేనింతవరకు వినలేదు.

మీ ఊళ్ళో ఇద్దరు పిల్లలతో ఎలా నెట్టుకొచ్చారో, ఏ ఉపాయం పనికొచ్చిందో రాయండి. వచ్చే సంచికలో అందరం పంచుకుందాం. అంతవరకు సెలవు.