పేరు ఒకటే, కొలత వేరు

పాత కారుకు విడిభాగాలు దొరకవని అందరమూ వాపోతుంటాము. ఆ మాటలో సగమే నిజమని నా అభిప్రాయం. దొరకనిది తరచుగా భాగం కాదు, సరైన ప్రశ్న.

మాది మద్నూరు. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక చేరువగా కలిసే చోటు. ఇంట్లో నాన్నగారి 1972 నాటి అంబాసిడర్ ఉన్నది. పొగ ఎక్కువై, నూనె తాగడం మొదలుపెట్టగానే మిస్త్రీ రీబోరు తప్పదన్నాడు. నేను నగరానికి పోయి, "అంబాసిడర్, 1,489 సి.సి." అని చెప్పి నాలుగు పిస్టన్లు తెచ్చాను. మిస్త్రీ పాత పిస్టన్ పక్కన కొత్తదాన్ని నిలబెట్టి, "ఇది డీజిల్‌ది సార్" అని నవ్వాడు. దుకాణదారుని తప్పేమీ లేదు. నేనడిగినదే ఆయన ఇచ్చాడు.

ఈ పొరపాటుకు కారణం ఆ బండి చరిత్రలోనే ఉన్నది. 1950ల చివరి నుండి 2014 వరకు ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ పేరు మారలేదు గానీ గుండె మారుతూ వచ్చింది. చాలా కాలం బ్రిటిష్ బి.ఎం.సి. వారి బి-సిరీస్ పెట్రోలు ఇంజను. తరువాత అదే 1,489 సి.సి. పరిమాణంలో డీజిల్. 1990లలో ఇసుజు వారి 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను. మొదటి రెంటికీ సిలిండరు వ్యాసం కూడ ఒకటే, 73 మిల్లీమీటర్లు. అయినా డీజిల్‌లో ఇంధనం గాలిని గట్టిగా నొక్కడం వలన పుట్టే వేడికే మండుతుంది గనుక దాని పిస్టన్ నిర్మాణమే వేరు.

అంతటితో అయిపోలేదు. పాత పిస్టన్ తలపై 20 అనే అంకె కనిపించింది. అంటే సిలిండర్లను ఇదివరకే అంగుళంలో వెయ్యింట ఇరవై వంతుల మేర తొలిచారన్నమాట. ఇకపై వేయవలసినది 30 లేదా 40 సైజు. ఆ తరువాత లైనర్లే దిక్కు. కనుక పిస్టన్లు కొనడానికి ముందే అరుగుదలను మైక్రోమీటరుతో కొలిపించాలి. అడిగేటప్పుడు బండి పేరుతోపాటు ఇంజను నంబరు, ఇంధనం, సైజు చెప్పాలి. పాత భాగాన్ని చేతిలో పట్టుకుని పోవాలి. ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎం.జి.ఎ. కారులోనూ ఈ 1,489 సి.సి. బి-సిరీస్ ఇంజనే ఉండేది గనుక, విజయవాడ ఆటోనగర్‌లోనో చెన్నై పుదుపేటలోనో దొరకని కొన్ని భాగాలకు ఆ దారి కూడ ఉన్నది. అక్కడా కొలతే ప్రమాణం.

"ఇంత శ్రమ ఎందుకు, వేరే ఇంజను వేయించరాదా?" అని మిత్రులంటారు. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలంటే అది మూలరూపంలో ఉండాలి, ఇంజనులో గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. చట్టం మాట అటుంచినా, గుండె మార్చిన తరువాత మిగిలేది నాన్నగారి బండి రేకు మాత్రమే.

నన్ను నిజంగా కలవరపెట్టేది మరొకటి. చూడగానే తేడా పట్టిన ఆ మిస్త్రీ వృద్ధుడు. ఆయన దగ్గర ఈ పని నేర్చుకునేవారు లేరు. అందుకే మా బండికి జరిగిన ప్రతి మరమ్మతునూ, ప్రతి కొలతనూ ఒక నోటుపుస్తకంలో వ్రాయడం మొదలుపెట్టాను. పాత బండ్లున్న మిత్రులారా, మీరూ వ్రాయండి. భాగాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఆ జ్ఞాపకం పోతే ఏ అంగడిలోనూ దొరకదు.