ఒకపూట మొరాయించే కంప్యూటరు



ఎన్నడూ పాలివ్వని ఆవుతో పేచీ లేదు. ఒకనాడు ఇచ్చి ఒకనాడు తన్నే ఆవుతోనే చిక్కు. యంత్రాలూ అంతే.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున వున్న వూరు. మా పక్కింటి రైతు మిరపకాయలు అమ్మిన డబ్బుతో కూతురి చదువుకోసం ఒక పాత కంప్యూటరు కొన్నాడు. పిల్ల తెల్లవారుజామున మీట నొక్కితే, ఒక్కొక్కనాడు లోపల ఫాను తిరిగేది, కీచుకీచుమని చప్పుళ్లు వచ్చేవి, తెర మాత్రం వెలిగేది కాదు. తండ్రి మధ్యాహ్నం పొలంనుంచి వచ్చి నొక్కితే చక్కగా పనిచేసేది. బాగుచేసే అతను రెండుసార్లు వచ్చాడు. అతని యెదుట ఏ లోపమూ కనపడలేదు.

"నువ్వే ఏదో పాడుచేస్తున్నావు!" అని తండ్రి కేకలేశాడు. పిల్ల కళ్లనీళ్లతో వచ్చి, "మాస్టారూ, నేనేమీ చేయలేదండీ," అన్నది.

నేను ఆమెకు ఒక నోటుబుక్కు ఇచ్చాను.

"భద్రాచలంలో గోదావరికి వరద వస్తే ఏం చేస్తారమ్మా? నీటిమట్టం గంటగంటకూ రాసుకుంటారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది. ఒక్కసారి చూసి నది సంగతి చెప్పలేం. వరసగా రాస్తేనే పెరుగుతున్నదో తగ్గుతున్నదో తెలుస్తుంది. నువ్వూ అలాగే రాయి. తేదీ, వేళ, యెండా ముసురా, మీట నొక్కినదెవరు, చప్పుళ్లెన్ని, తెర వెలిగిందా లేదా," అన్నాను.

పన్నెండు రోజుల లెక్క తేలింది. ఉదయం 12 సార్లలో 4 సార్లు మొరాయించింది; మధ్యాహ్నం ఒక్కసారీ లేదు. అయితే యిందులో రెండు సంగతులు కలిసివున్నవి. ఉదయం నొక్కేది పిల్ల, మధ్యాహ్నం నొక్కేది తండ్రి. లోపం మనిషిదా, వేళదా? అందుచేత మనుషులను మాత్రం తారుమారు చేశాం, మరేదీ మార్చలేదు. మూడవనాటి ఉదయం తండ్రి మీట నొక్కాడు. చప్పుళ్లు వచ్చాయి, తెర వెలగలేదు! ఆయన కాసేపు మాట్లాడకుండా నిలబడి, కూతురి తలమీద చెయ్యి వేశాడు.

ఇక చప్పుళ్ల సంగతి. మీట నొక్కగానే కంప్యూటరు ముందుగా తన భాగాలను తానే పరీక్షించుకుంటుంది. లోపాన్ని తెరమీద చూపలేనప్పుడు చప్పుళ్లతో చెబుతుంది. వాటి అర్థం తయారుచేసినవారి పుస్తకంలో వుంటుంది. మా లెక్క ప్రకారం తప్పు ర్యామ్ అనే జ్ఞాపకపు పలకది. బాగుచేసే అతను కరెంటు తీగ ఊడదీసి, పెట్టె తెరిచి, ఆ పలక అంచు తుడిచి మళ్లీ గట్టిగా అమర్చాడు. తేమకూ దుమ్ముకూ ఆ అంచు మసకబారింది కాబోలు. రాత్రి చల్లదనానికి పట్టు సడలి, పగటివేడికి మళ్లీ అంటుకునేది. వేడికి లోహం వ్యాకోచిస్తుందని మీరు చదివేవుంటారు.

మర్నాటి ఉదయం తెర వెలిగింది. "నయమైంది మాస్టారూ!" అన్నది పిల్ల.

"తొందరపడకు," అన్నాను. మూడుసార్లకు ఒకసారి మొరాయించే యంత్రం, ఏ మరమ్మతూ చేయకపోయినా, మూడు ఉదయాలు వరసగా వెలిగే అవకాశం 27లో 8 పాళ్లు. అంటే నూటికి 30 దాకా వున్నది! అదే పది ఉదయాలైతే నూటికి 2 కూడా లేదు. పది ఉదయాలూ వరసగా వెలిగాకనే మేము నోటుబుక్కు మూశాం.

బాలలూ, కంప్యూటరు పెట్టెను మీరు తెరవకండి. అది తెలిసినవారి పని. చూసి రాయటం మాత్రం మీ పనే. తలిదండ్రులకూ ఒక మాట: కారణం కనపడనంత మాత్రాన నేరం పిల్లలమీద వేయకండి. ముందు లెక్క రాయించండి.

మీకొక ప్రశ్న: అదే యంత్రం, బాగుచేయకుండానే, నాలుగు ఉదయాలు వరసగా వెలిగే అవకాశం యెంత? జవాబు వచ్చే నెల.