చూచిన కథను మరల చూచుట

టెలివిజన్‌లో ఒకమారు చూపిన కథనే మరల చూపుట చర్వితచర్వణమని కొందరు ఆక్షేపింతురు. దినదినము క్రొత్త ధారావాహికలు వచ్చుచుండగా పాతవానిని చూచువారిని గేలిచేయువారును గలరు. ఈ ఆక్షేపణ యెంతవరకు సమంజసమో విచారింపవలసియున్నది.

మొదట ధారావాహికల పుట్టుకను తెలిసికొందము. 1930 దశకమున అమెరికా రేడియోలో గృహిణుల కొరకు పగటివేళ కథలు భాగములుగా ప్రసారమగుచుండెడివి. వాని వ్యయమును భరించినవారిలో సబ్బుల కంపెనీలవారు ముఖ్యులు. అందువలననే వానికి ‘సోప్ ఆపెరా’ అను పేరు వచ్చినది. సబ్బు అమ్ముడుపోవలెనన్న శ్రోత రేపు కూడ రావలెను. శ్రోత రావలెనన్న నేటి కథ చిక్కుముడితో ఆగవలెను. నాటి యీ సూత్రమే నేటి ధారావాహికలకును ప్రాణము.

అయితే ఈ పద్ధతి యంతయు దోషమేయని చెప్పరాదు. 1984 జూలై 7న దూరదర్శన్‌లో ప్రారంభమైన ‘హమ్ లోగ్’ ఒక దిగువ మధ్యతరగతి కుటుంబపు కష్టసుఖములను చిత్రించినది. మెక్సికో దేశమున ధారావాహికల ద్వారా ప్రజలకు మంచి బోధించిన ప్రయత్నమే దానికి మార్గదర్శకము. ప్రతి భాగము చివర సుప్రసిద్ధ నటులు అశోక్ కుమార్ కనిపించి, కథను గూర్చి ప్రేక్షకులతో ముచ్చటించెడివారు. అది 1985 డిసెంబరులో ముగిసినది. చెప్పదలచినది చెప్పి ముగియుటయే దాని గొప్ప.

నేటి ధారావాహికలలో పెక్కు అట్లు ముగియవు. తెలుగులోను వేయి భాగములు దాటినవి కలవు. కథ యొక్క ముగింపు రచయిత చేతిలో గాక, ప్రేక్షకుల సంఖ్యను లెక్కించువారి చేతిలో నున్నది. ఆదరణ ఉన్నంతకాలము కథను సాగదీయుదురు. తగ్గిన వెంటనే త్రుంచివేయుదురు. మరణించిన పాత్ర బ్రదికి వచ్చును. అత్తాకోడండ్ర కలహము చల్లారినట్లే యుండి మరల రగులును.

పునఃప్రసారము దీనికి భిన్నము. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున జనులు ఇండ్లకు పరిమితులైరి. క్రొత్త చిత్రీకరణములు నిలిచిపోయెను. అప్పుడు దూరదర్శన్‌వారు రామానంద్ సాగర్ రూపొందించిన ‘రామాయణ్’ను మార్చి 28 నుండి మరల చూపిరి. అది మొదట ప్రసారమైనది 1987-88లో. ఏప్రిల్ 16 నాటి భాగమును 7.7 కోట్లమంది చూచిరని దూరదర్శన్‌వారు ప్రకటించిరి. రావణుడు చచ్చునని యెరుగనివారు వారిలో ఎందరు? ఏమి జరుగునో తెలిసికొనుటకు గాక, ఎట్లు జరుగునో చూచుటకే వారు కూర్చుండిరి.

ఇది మనకు క్రొత్తగాదు. హరికథలకు, తోలుబొమ్మలాటలకు మన పెద్దలు తెల్లవార్లు మేలుకొనినది తామెరిగిన కథల కొరకే. 1885లో పుట్టిన సురభి నాటక సమాజమువారు ‘మాయాబజార్’ను తరతరములుగా ప్రదర్శించుచున్నారు. 2001 నుండి 2007 వరకు జెమిని టెలివిజన్‌లో వచ్చిన ‘అమృతం’ను తెలుగువారు నేటికిని అంతర్జాలమున వెదకి చూచుచున్నారు. హాస్యోక్తి ముందే తెలిసినను నవ్వు ఆగదు.

పునఃప్రసారము వలన లోటు లేకపోలేదు. హరిదాసు సభను బట్టి పిట్టకథను మార్చును. యంత్రమున నిలిచిన బొమ్మ మారదు. ఎల్లవేళల పాతవే చూపినచో క్రొత్త రచయితలకు, నటులకు చోటుండదు. మరియు పాత కథలలోని కొన్ని భావములు నేటికి తగవు. ఎంత అవమానము సహించిన స్త్రీ అంత ఉత్తమురాలని చూపు కథ, యెంత పాతదైనను పూజనీయము కాజాలదు.

కావున కథ పాతదా, క్రొత్తదా అనునది ప్రశ్నగాదు. మరల చూడదగినదా, కాదా అనునదియే గీటురాయి. రేపేమగునో అను ఆతురతను తీసివేసిన పిదప ఏమి మిగులునో, అదియే కథ యొక్క విలువ. దినమునకు అరగంట స్వల్పముగా తోచును. కాని వారమునకు ఐదు దినముల చొప్పున సంవత్సరమంతయు లెక్కించిన అది 130 గంటలగును. ఆ కాలమును దేనికి వెచ్చింపవలెనో నిర్ణయించుకొనవలసినవాడు ప్రేక్షకుడే గాని, సబ్బులమ్మువాడు కాదు.