తండ్రి తప్పు మీద దుప్పటి కప్పమని ఏ వాక్యం చెప్పింది?

పోయిన నెల మా మండలంలో ఒక జ్ఞాపకార్థ కూడిక జరిగింది. వాక్యం చెప్పడానికి పట్నం నుంచి ఒక అయ్యగారు వచ్చారు. మంచి గొంతు, మంచి కారు. పది ఆజ్ఞల్లో అయిదోది ఎత్తుకున్నారు, తల్లిదండ్రుల్ని సన్మానించమనేది. (లూథరన్ల లెక్కలో అది నాలుగోది. మనం బాప్టిస్టులం కాబట్టి అయిదే అనుకుందాం.) అక్కడి నుంచి నోవహు దగ్గరికి పోయారు. తాగి గుడారంలో బట్టల్లేకుండా పడున్న తండ్రిని హాము చూసి బయటికెళ్ళి చెప్పాడు, శాపం తగిలింది. షేము, యాపెతు వెనక్కి నడుచుకుంటూ పోయి బట్ట కప్పారు, దీవెన తగిలింది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత వెనక వరసలో ఒక పిల్ల వైపు చూస్తూ, "ఈ రోజుల్లో హాము సంతానం మన పల్లెల్లోనే పుడతా ఉంది. కన్నతండ్రి మీద ఫోను చేసి ఆఫీసర్లను పిలుస్తా ఉంది" అన్నారు. పందిరి కింద అందరూ ఆమెన్ అన్నారు. ఆ పిల్ల తల వంచుకుంది.

ఆ పిల్ల నా దగ్గర పదో తరగతి చదువుతుంది. ఆమె చేసిన నేరం 1098కి ఫోను చెయ్యడం. ఎందుకు చేసింది? తండ్రి ఇటుకబట్టీ మేస్త్రీ దగ్గర నలభై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. సగానికి పైగా బ్రాందీ షాపుకు పోయింది. తీర్చే దారి లేక, మేస్త్రీ బావమరిదికి, ముప్పై దాటినవాడికి, పదిహేనేళ్ళ కూతుర్ని ఇస్తానని ఒప్పుకున్నాడు. ఆఫీసర్లు వచ్చి పెళ్ళి ఆపారు. ఇదీ కథ.

ఆ రోజు నేను లేచి మాట్లాడలేదు. చనిపోయిన మనిషి ఇంటి దగ్గర రభస ఎందుకని ఊరుకున్నాను. ఊరుకున్నందుకు మూడు రోజులు అన్నం సయించలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అయ్యగారూ, నోవహు కథే తీసుకుందాం. హామును, కాదు కాదు, హాము కొడుకు కనానును శపించింది ఎవరు? దేవుడా? ఆదికాండం తొమ్మిదో అధ్యాయం మళ్ళీ తెరిచి చూడండి. అక్కడ దేవుడు నోరు తెరవలేదు. ద్రాక్షారసం మత్తు దిగి లేచిన ఒక ముసలాయన కోపంతో అన్న మాట అది. తప్పు చేసింది ఒకడైతే వాడి కొడుకు దాసుడవుతాడన్నాడు. ఆ మాటనే పట్టుకుని అమెరికాలో తెల్ల యజమానులు, నల్లవాళ్ళు హాము సంతానం కాబట్టి బానిసలుగా ఉండాల్సిందేనని గుడుల్లో ప్రసంగాలు చేశారు. అదే మాటను తెచ్చి మా మాదిగపల్లెలో మాదిగ పిల్ల నెత్తిన కొడతారా? పుట్టుకతోనే శాపం అనే సిద్ధాంతం మాకు కొత్త కాదు. ఊళ్ళోవాళ్ళు వెయ్యేళ్ళుగా అదే చెప్పారు. దాన్ని వదిలించుకుందామనే కదా మా ముత్తాతలు మీ గుడి మెట్లెక్కింది!

ఇంకో సంగతి. షేము, యాపెతు తండ్రి మీద బట్ట కప్పారు, నిజమే. మళ్ళీ గిన్నె నింపి ఇవ్వలేదు. నోవహు తన తోట తనే వేసుకున్నాడు. మా పల్లెల్లో గిన్నె నింపేది ఎవరు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయిస్తే 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. 2024 అక్టోబరులో ఆంధ్రలో కొత్త పాలసీ పెట్టి 99 రూపాయలకే క్వార్టరు ఇస్తామని గొప్పగా ప్రకటించారు. దూబగుంట ఆడవాళ్ళు కూడా మొగుళ్ళ తాగుడు సంగతి బజారున పెట్టినవాళ్ళే. వాళ్ళూ హాము సంతానమేనా?

ఆ పిల్ల కథ బైబిల్లో ఉంది గాని హాము దగ్గర లేదు. న్యాయాధిపతులు పదకొండులో ఉంది. యెఫ్తా అనేవాడు యుద్ధం గెలవడానికి దేవునికి మొక్కుకున్నాడు, తిరిగొచ్చేటప్పుడు ఇంట్లోంచి ముందు ఎవరెదురొస్తే వాళ్ళని అర్పిస్తానని. ఒక్కగానొక్క కూతురు తంబుర పట్టుకుని ఎదురొచ్చింది. నోరు జారింది తండ్రి, చెల్లించింది కూతురు. ఆ పిల్ల తండ్రి మాట జవదాటలేదు, దాని విధేయతను మన ప్రసంగీకులు ఎంతగానో మెచ్చుకుంటారు. కాని ఆ అధ్యాయం చివర ఏముందో చెప్పరు. ఇశ్రాయేలు ఆడపిల్లలు ఏడాదికి నాలుగు రోజులు ఆమె కోసం దుఃఖపడే ఆచారం పెట్టుకున్నారు. యెఫ్తాకు అక్కడ ఎవరూ సన్మానసభ చెయ్యలేదు. అడ్వాన్సు తీసుకున్నది తండ్రి, తీర్చాల్సింది కూతురు. మొక్కు స్థానంలో మేస్త్రీ నోటు వచ్చింది, అంతే తేడా.

ఇక నా సంగతి. నా ఇంటి గుట్టు దాచుకుని ఇంకొకరి ఇంటి మీద రాస్తే అది పెద్దమనిషి వేషం అవుతుంది.

మా నాయన ఎనిమిదో ఏట ఆసామి ఇంట్లో పాలేరుగా చేరాడు. వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది గాని ఆ కబురు మా పల్లెకు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. నాయన సారా తాగాడు. సారా పోయాక బ్రాందీ తాగాడు. అమ్మను కొట్టాడు. అమ్మ చెవి కమ్మలు అమ్మాడు. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి చేశాడు. మా పల్లె కుర్రాణ్ణి ఆసామి కొడుకు చెట్టుకు కట్టి కొడితే మా నాయన కళ్ళారా చూశాడు. స్టేషన్లో మాత్రం ఏమీ చూడలేదని వేలిముద్ర వేశాడు. ఆ వేలిముద్ర ఖరీదు రెండు బస్తాల వడ్లు. ఆ వడ్లన్నం నేనూ తిన్నాను. పల్లెలో చాలాకాలం మమ్మల్ని 'వేలిముద్రోళ్ళ పిల్లలు' అన్నారు.

నా టెన్తు పరీక్ష ఫీజు కోసం ఆసామి దగ్గర ఇంకో ఏడాది జీతం రాసిచ్చింది కూడా ఆ వేలే.

ఈ రెండు వేలిముద్రలూ ఒక మనిషివే. ఇందులో ఒకటి దాచి ఒకటి చూపించడం నాకు చేతకాదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో మాత్రం రెండూ దాచాను. స్టాఫ్ రూములో, "మీ నాన్నగారు ఏం చేస్తుంటారు మాస్టారూ?" అనడిగితే, "వ్యవసాయం" అనేవాణ్ణి. అబద్ధం కాదు, నిజమూ కాదు. నేను తాగను. కాని పెళ్ళయిన మూడో ఏట నా భార్య మీద చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి చూసుకుంటే అచ్చం మా నాయనదే. తండ్రి తప్పు మీద దుప్పటి కప్పితే అది చావదు, దుప్పటి కింద వెచ్చగా పెరుగుతుంది. యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయం నాకు ఆ రోజుల్లోనే అర్థమైంది. తండ్రి చేసిన తప్పులన్నీ కొడుకు చూస్తాడు, చూసి ఆలోచించుకుంటాడు, ఆ పనులు చెయ్యడు, వాడు బతుకుతాడు అంటాడు ప్రవక్త. చూడకుండా ముఖం తిప్పుకున్నవాడికి ఆలోచించుకునేది ఎక్కడుంటుంది?

సన్మానించడం అనే మాట మనకు శాలువా, పూలదండ అయిపోయింది. మోషే పలకల మీదున్న హెబ్రీ మాటకు మూలం బరువు. తల్లిదండ్రుల్ని తేలిక చెయ్యొద్దు, వాళ్ళ బరువు ఎరిగి ఉండమని. ఎవరితో అన్నాడు ఆ మాట? ఐగుప్తులో ఇటుకలు చేసి చేసి బయటపడ్డ జనంతో, బయటపడ్డ మూడో నెలలో. వాళ్ళ తల్లిదండ్రులు ఎలాంటివాళ్ళు? మోషే విడుదల గురించి చెప్తే, కఠిన దాస్యం వల్ల మనసు విరిగిపోయి వినిపించుకోలేకపోయారని నిర్గమకాండమే రాసింది. కొద్ది రోజులకే బంగారు దూడ చేసుకోవడానికి భార్యల చెవుల పోగులు, బిడ్డల చెవుల పోగులు తీసిచ్చిన జనం. అలాంటి బానిస తల్లిదండ్రుల్ని తేలిక చెయ్యొద్దన్నాడు దేవుడు. మా అమ్మ కమ్మలు తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ అధ్యాయమే గుర్తొస్తుంది. నాయన్ని విరిచింది ఎవరో గుర్తుంచుకోవడం ఆయన బరువు ఎరగడంలో సగం. ఆయన ఎవరిని విరిచాడో గుర్తుంచుకోవడం మిగతా సగం. మొదటి సగమే చెప్పేవాడు వకీలు. రెండో సగమే చెప్పేవాడు ఆసామి.

ఆ ఆజ్ఞకు సరిగ్గా పైనున్న ఆజ్ఞ ఏమిటి? నీ దాసుడికి, నీ దాసికి కూడా విశ్రాంతి ఇవ్వమని. దాని మీద ఏ బట్టీ ఓనరు ఇంట్లోనైనా, ఏ ఆసామి వరండాలోనైనా వాక్యం చెప్పారా అయ్యగారూ? ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలో పిల్లలకు చెప్పిన మాట గట్టిగా చదివి, నాలుగో వచనం దగ్గర, తండ్రులు బిడ్డలకు కోపం రేపొద్దన్న చోట, పుస్తకం ఎందుకు మూస్తారు?

విధేయతే సన్మానమైతే మన పల్లెల్లో సంఘమే లేదు. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య దంపతులు బాప్తిస్మం తీసుకున్నారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. క్లౌ దొర వాళ్ళకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఈ మూడూ వాళ్ళ తండ్రుల ఆచారానికి, ఆసామి ఆజ్ఞకు అడ్డం తిరిగినవే. ఆ 2,222 మందీ 'నాయన చెప్పిందే వేదం' అనుకుని ఉంటే మీకు ఇవాళ మైకు ఎక్కడిది?

మరి ఎదిరించడం, సన్మానించడం రెండూ ఒకే మనిషి చెయ్యగలడా? యోనాతాను చేశాడు. వాళ్ళ నాయన సౌలు రాజు, అసూయతో మతి చెడినవాడు, దావీదును చంపాలని తిరిగేవాడు. యోనాతాను తండ్రి ముందే నిలబడి దావీదు ఏం తప్పు చేశాడని అడిగాడు. తండ్రి తల్లిని కలిపి బూతులు తిట్టి ఈటె విసిరాడు. కొడుకు అన్నం ముట్టకుండా బల్ల దగ్గర నుంచి లేచిపోయాడు, పొలంలోకి పోయి బాణాల గుర్తుతో దావీదును తప్పించాడు. చంపబోయేవాడి గుట్టు చావాల్సినవాడికి చెప్పాడు. మన అయ్యగారి లెక్కలో ఇది హాము పనే. అయినా గిల్బోవ కొండ మీద తండ్రి ఆఖరి యుద్ధంలో యోనాతాను ఆయన పక్షానే నిలిచి చచ్చిపోయాడు. తండ్రి చేతిలోని ఈటెకు సాయపడలేదు, తండ్రిని వదిలీ పోలేదు.

నాకు అంత గుండె లేదు. మా నాయన పక్షవాతంతో మూడేళ్ళు ఇబ్బంది పడ్డాడు. ఎత్తి కడిగాను, తినిపించాను. అది చేస్తూనే, ఆ దెబ్బలు తిన్న కుర్రాడు ఇప్పుడు ముసలివాడయ్యాడు, ఆయన దగ్గరికి పోదాం రమ్మన్నాను. రిక్షా బండిలో కూర్చోబెట్టి మూడుసార్లు తీసుకుపోయా. రెండుసార్లు గుమ్మం దగ్గర నుంచే తిప్పమన్నాడు. మూడోసారి లోపలికి తీసుకుపొమ్మన్నాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను బయట నిలబడ్డాను.

చదువుకుని పట్నాల్లో స్థిరపడిన మనవాళ్ళకు ఒక మాట. మార్కు సువార్త ఏడులో యేసు కొర్బాను గురించి తిట్టింది మిమ్మల్నే. అమ్మానాన్నలకు పెట్టాల్సింది దేవునికిచ్చేశామని చెప్పి చేతులు దులుపుకునే పద్ధతి అది. గుడికి పాలరాయి పరిపించి శిలాఫలకం మీద పేరు చెక్కించుకుంటారు. పల్లెలో తల్లి షుగరు మాత్రలకు పక్కింటివాళ్ళ దగ్గర చెయ్యి చాపుతుంది. గృహప్రవేశానికి ఆమెను పిలిచి వెనక గదిలో కూర్చోబెడతారు, మాట యాస బయటపడుతుందని. మీకంటే ఆ తాగుబోతు తండ్రి మేలు, వాడు సిగ్గుపడటమైనా ఎరుగుదును అంటాడు.

సంఘాల్లో ఉన్న అన్నలకూ ఒక మాట. నేను ఇది రాస్తున్నానంటే ఇద్దరు కార్యకర్తలు వద్దన్నారు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్ది మాస్టారూ, ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు" అన్నారు. ఊళ్ళోవాళ్ళు క్లబ్బుల్లో తాగేది, ఇళ్ళల్లో కొట్టేది మనకు తెలియదా? వాళ్ళకు గోడలు ఎత్తుగా ఉన్నాయి, అంతే. కడుపులో పుండు ఉన్నప్పుడు కొయ్యక తప్పదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ తండ్రి రాంజీ, కొడుకు పుస్తకాల కోసం కూతుళ్ళ నగలు కుదువ పెట్టినవాడు. అంతటి తండ్రి వద్దన్నా అంబేడ్కర్ బరోడా ఉద్యోగానికి పోయాడు. జబ్బు కబురు రాగానే తిరిగొచ్చాడు, 1913 ఫిబ్రవరిలో తండ్రి ప్రాణం పోయేటప్పుడు పక్కనే ఉన్నాడు. మాట వినకపోవడమూ నిజం, పక్కన ఉండటమూ నిజం.

ఆ పిల్ల దగ్గరికి వస్తా. ఆఫీసర్లు తండ్రి మీద కేసు పెట్టబోతే ఆమె నా దగ్గరకొచ్చి, "మా నాయన్ని జైల్లో పెట్టొద్దని చెప్పండి సార్. ఆ మేస్త్రీ నోటు సంగతి చూడండి" అంది. ప్రసంగం విన్నవాళ్ళందరికంటే ఆజ్ఞ ఆమెకే బాగా తెలుసు. ఆమె చెప్పింది చట్టంలోనూ ఉంది. అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టేసిన అప్పు 1976 చట్టం ప్రకారం చెల్లదు, తీర్చాల్సిన పనే లేదు. నోటు జిరాక్సు, బట్టీలో చేసిన రోజుల లెక్క పెట్టి ఆర్డీవో గారికి అర్జీ రాశాం.

వచ్చే సోమవారం గ్రీవెన్సుకు తండ్రిని వెంటబెట్టుకుని పోతున్నాం. తాగకుండా రావాలని కూతురు ఒక్కటే షరతు పెట్టింది. పొద్దున ఏడున్నర బస్సుకు బయలుదేరతాం. అయ్యగారి కారులో ఇంకో నలుగురికి చోటుంటుంది.