కూలిన విమానముల లెక్క

యుద్ధమున ఒక విమానము కూలినచో శత్రువు దానిని రెండుగా చాటును. స్వపక్షము అసలు లెక్కింపకయే యూరకుండును. ఈ రెంటి నడుమ పౌరునకు నిజము తెలియు మార్గమేది? నేలబడిన శకలములు, వానిపైనున్న అంకెలు, అవి పడిన తావు, పడిన దినము: ఎల్లరకును కానవచ్చు ఈ సాక్ష్యమే మార్గము.

ఇది పంజాగుట్టవారికి దూరపుమాట కాదు. ప్రక్కనే బేగంపేట విమానాశ్రయమున్నది. మొదటి ప్రపంచయుద్ధమున నిజాము ప్రభువు బ్రిటిషు వైమానికసేనలోని 110వ దళమునకు విమానములను బహూకరించెను. నిజాము ఖజానా నిండినది మన రైతుల శిస్తువలననే గదా! ఆ విమానములపై నిజాము కానుక యని వ్రాయించిరి. వానిలో ఎఫ్ 1010 సంఖ్యగల డీ.హెచ్. 9ఏ విమానము 1918 అక్టోబరు 5వ తేదీన జర్మనీపై దాడికేగి తిరిగిరాలేదు. అందలి యిద్దరును బందీలైరి. జర్మనులు దానిని బెర్లినులో ప్రదర్శనకు బెట్టిరి. పిదప అది పోలండు చేరి, 1977లో ఇంగ్లండునకు మరలివచ్చి, లండను వైమానిక ప్రదర్శనశాలకు జేరినది. ఆరు దశాబ్దములు పరదేశములలో నున్నను, దాని చరిత్ర చెదరకుండ నిలుచుటకు ఆ సంఖ్యయే ఆధారము.

ఇక నోటిలెక్క యెట్టిదో చూడుడు. 1940లో ఇంగ్లండు గగనమున జరిగిన పోరాటములో హైదరాబాదు పేరు వహించిన 152, 253 దళములు పాల్గొనినవి. ఆ యేడు సెప్టెంబరు 15వ తేదీన 185 జర్మను విమానములను గూల్చితిమని లండను ప్రకటించెను. యుద్ధానంతరము జర్మను పత్రములను పరిశీలింపగా తేలినవి సుమారు 60 మాత్రమే. వైమానికులు అబద్ధమాడిరనరాదు. ఒకే విమానమును మువ్వురు కాల్చి, మువ్వురును తమదే యనుకొందురు. పొగ గ్రక్కుచు మబ్బులలో దూరినది కూలినదనుకొందురు.

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ నాడు ఇదియే మరల జరిగినది. భారత విమానములను ఐదింటిని గూల్చితిమని యొకసారి, ఆరింటినని మరియొకసారి పాకిస్తాను చాటెను. మే 31న సింగపూరులో త్రిదళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ నష్టము కలిగినమాట నిజమేయని, ఆరను లెక్క తప్పని చెప్పెను, ఎన్నియో చెప్పలేదు. పాకిస్తానువి ఐదు యుద్ధవిమానములను, ఒక పెద్ద విమానమును గూల్చితిమని ఆగస్టు 9న మన వైమానికదళాధిపతి ఏ.పీ. సింగ్ ప్రకటింపగా, పాకిస్తాను కాదనెను. ఈలోపల 2021లో మోగా వద్ద ప్రమాదమున గూలిన మిగ్ విమానపు చిత్రమును, అప్పుడే కూలిన రఫేల్ యని లోకమంతట త్రిప్పిరి.

కావున చిత్రము కంటబడగానే నమ్మరాదు. అది పూర్వము ప్రకటింపబడినదా? అందలి చెట్లు, ఇండ్లు, కొండలు ఆ యూరివేనా? శకలముపై సంఖ్య గలదా? అది ఇంజనా, లేక వైమానికుడు ఆకాశముననే జారవిడుచు ఇంధనపు తొట్టియా? తొట్టి దొరకినంతమాత్రమున విమానము కూలినదనరాదు. ఒకే శకలమును నలుగురు నాల్గువైపులనుండి చిత్రించినచో నాల్గు విమానములు కాజాలవు. అట్లే శకలము దొరకలేదని నష్టమే లేదనుటయు తగదు. సముద్రమునను, శత్రుభూమిని గూలినవానిని మనము చూడలేము.

ఇట్టి పరీక్ష దేశద్రోహమని కొందరందురు. పోరు సాగుచుండగా శకలముల తావును బయటబెట్టుట నిశ్చయముగ తప్పే. ప్రాణములతో దిగిన వైమానికుని జాడ శత్రువునకు దెలియును. అప్పుడు పౌరుడు నోరు కట్టుకొనవలెను. కాని పోరాగిన పిదప ప్రభుత్వమే తన నష్టమును సంఖ్యతో ప్రకటింపవలెను. తన నష్టమును దాచువాడు చెప్పు విజయమును లోకము నమ్మదు. మన వీరులు నిజముగ సాధించిన జయము సైతము అనుమానము పాలగును.

హైదరాబాదు చెంతనున్న దుండిగల్ అకాడమీలో శిక్షణ పొంది ఏటేట యువకులు గగనమున కెగయుచున్నారు. వారిలో నెవ్వడేని తిరిగిరానిచో, అతని తలిదండ్రులకు గాలివార్త కాదు, నిజము దక్కవలెను. ఆ నిజమును వినగల ధైర్యము ప్రజలకు గలదని పాలకులు నమ్ముదురుగాక! పఠనమందిరములలో వార్తను చదివి వినిపించువారు ఆధారమును విచారించిన పిమ్మటనే నోరు విప్పుదురుగాక!