కాంగ్రెసు మహాసభయు మాతృభాషయు

స్వాతంత్ర్యోద్యమ సంస్థల పేర్లను, సంవత్సరములను మన విద్యార్థులు చక్కగా ఒప్పజెప్పుదురు. కాంగ్రెసు 1885లో బొంబాయిలో పుట్టినదనియు, తొలి సభకు 72 మంది ప్రతినిధులు వచ్చిరనియు వారెరుగుదురు. ఆ సభ ఏ భాషలో జరిగినదని అడిగినచో మాత్రము తడబడుదురు. అది ఇంగ్లీషులో జరిగినది. 1891లో నాగపురమున అధ్యక్షత వహించిన పనప్పాకము ఆనందాచార్యులుగారు తెలుగువారే. వారి ఉపన్యాసమును ఇంగ్లీషులోనే. ఆ పెద్దలను నిందించుట మా ఉద్దేశము కాదు. పాలకులకు వినిపింపదలచి పాలకుల భాషలో మాటలాడిరి. పొలము దున్నువానికి మాత్రము ఆ మాట చేరలేదు.

ఈ లోపమును ముందుగా కనిపెట్టినవారిలో ఆంధ్రులు కలరు. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగెను. పిదప తమకు ప్రత్యేక కాంగ్రెసు సంఘము కావలెనని మనవారు పట్టుపట్టగా, 1917లో అనిబీసెంటమ్మగారు వలదనిరి, లోకమాన్య తిలకుగారు ఔననిరి. 1918లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘము ఏర్పడెను. 1920 డిసెంబరులో, మరల ఆ నాగపురముననే, కాంగ్రెసు తన నిబంధనావళిని తిరుగవ్రాసి రాష్ట్ర సంఘములను భాషలనుబట్టి ఏర్పరచెను. సభ్యత్వపు చందా ఏటికి నాలుగణాలు. మరుసటి వసంతమున బెజవాడలో కూడిన అఖిల భారత సంఘము కోటిమంది సభ్యులను చేర్పవలెనని తీర్మానించెను. కోటిమందిని ఇంగ్లీషులో పిలుచుట సాధ్యమా?

ఇక మన గంజాము సీమలోని చేదు సంగతి. మద్రాసు రాజధానిలో అల్పసంఖ్యాకులైన ఒరియా సోదరులును ఇదే న్యాయమును కోరిరి. మధుసూదనదాసుగారు 1903లో ఉత్కళ సమ్మేళనిని స్థాపించినది అందులకే. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము వెలసెను. బరంపురము అందు చేరెను. ఇల్లు కదలకయే మన పెద్దలు అల్పసంఖ్యాకులైరి. (రాష్ట్రపతి పదవి నలంకరించిన వి. వి. గిరిగారు 1894లో ఈ బరంపురముననే జన్మించిరని పిల్లలు మరువరాదు.) వారి కోరిక తప్పని మనమనలేము, అంతకుముందు మనము కోరినదియు అదియే. అయితే సరిహద్దు గీయుటకు పనికివచ్చిన న్యాయము, గీసిన పిదప ఇవతల మిగిలినవారికి పనికిరాకపోవునా?

1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. ఉన్నత పాఠశాల మాట అందు లేదు. కావున ఆపై తరగతులు నిలుచుట చాలవరకు తల్లిదండ్రుల పట్టుదలపైననే యున్నది.

“తెలుగు చదివి మావాడేమి చేయును?” అని కొందరు మమ్ము అడుగుచున్నారు. ఒరియా వలదని మేమనుట లేదు. ఇరుగుపొరుగుతో బ్రదుకుటకు అది కావలెను. ఇంగ్లీషును కావలెను. కాని నాలుగణాలు చెల్లించి సభ్యుడైన ఆ నాటి రైతు, తన భాషలో అడిగినందుననే తానెందులకు చేరుచున్నాడో తెలిసికొని చేరెను. మన పిల్లవాడు చరిత్ర పాఠము నట్లు తెలిసికొని చదువుచున్నాడా, బట్టీపట్టుచున్నాడా యని ఈ రాత్రి దీపము కడ కూర్చుండబెట్టి, తెలుగులో నొక ప్రశ్న వేసి చూడుడు.